వారికి యుద్ధ ఖైదీలన్న పేరు కూడా దక్కలేదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మీరు ప్రచురించిన 18వ శతాబ్దపు ఖైదీల పలాయన గాథలను ఎంతో ఆసక్తితో చదివాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండ్ జైళ్ల నుంచి తప్పించుకున్న అమెరికన్ నావికుల సాహసాన్ని వ్యాసకర్త కళ్లకు కట్టారు. అయితే శీర్షికలోనూ, లోపల పలుచోట్లా వారిని ‘యుద్ధ ఖైదీలు’ అనడం నాకు సరిగా తోచలేదు. ఆ పేరు వారికి దక్కకపోవడమే వారి కష్టాలన్నింటికీ మూలం కనుక, దీన్ని చిన్న మాటపట్టింపుగా తీసుకోవద్దని మనవి.

1777లో బ్రిటిష్ ప్రధాని లార్డ్ నార్త్ ప్రభుత్వం పార్లమెంటులో ఒక చట్టం చేయించింది. దాని ప్రకారం పట్టుబడిన అమెరికన్లను రాజద్రోహం లేదా సముద్రపు దోపిడీ నేరం మీద, విచారణ లేకుండా, హెబియస్ కార్పస్ రక్షణ (నిర్బంధం న్యాయమైనదా అని కోర్టును అడిగే హక్కు) కూడా లేకుండా నిర్బంధించవచ్చు. వారిని యుద్ధ ఖైదీలని ఒప్పుకుంటే వారి వెనుక ఒక స్వతంత్ర దేశం ఉందని ఒప్పుకున్నట్టే అవుతుందన్నది లండన్ భయం. అందుకే ప్లిమత్‌లోని మిల్ జైలుకు గానీ, పోర్ట్స్‌మత్ ఎదురుగా గోస్‌పోర్ట్ దగ్గరున్న ఫోర్టన్ జైలుకు గానీ పంపేముందు ప్రతి ఒక్కరినీ న్యాయాధికారి ముందు నిలబెట్టి, ద్రోహులుగా నమోదు చేసి మరీ పంపేవారు. అదే యుద్ధంలో పట్టుబడిన ఫ్రెంచి అధికారి పారిపోనని మాట ఇచ్చి పెరోల్ మీద ఊళ్లో అద్దె ఇంట్లో ఉండగలిగిన ఆ రోజుల్లోనే, అమెరికన్ కెప్టెన్ తన నావికులతో పాటు గోడల మధ్యే ఉండాల్సి వచ్చింది.

ఈ తేడా తిండి దగ్గర కూడా కనిపించేది. జైళ్ల సంస్కరణకు జీవితాన్ని ధారపోసిన జాన్ హోవర్డ్ ఈ జైళ్లను స్వయంగా చూసి, ఫ్రెంచివారికి ఇచ్చే రొట్టె కంటే అమెరికన్లకు రోజుకు అర పౌను తక్కువ ఇస్తున్నారని నమోదు చేశాడు. మిల్ జైల్లో గడిపిన చార్లెస్ హెర్బర్ట్ అనే యువకుడి డైరీలో ఆకలి ప్రస్తావన మాటిమాటికీ వస్తుంది. ఖైదీలు చెక్కతో చిన్న పెట్టెలు, గరిటెలు చెక్కి చూడవచ్చినవారికి అమ్ముకునేవారు. రాత్రిళ్లు సొరంగం తవ్వేటప్పుడు మట్టిని ఎక్కడ పోయాలో తెలియక తమ సామాను పెట్టెల్లోనే నింపి మూత వేసేవారు. పగలు కాపలావాడు ఆ పెట్టెల పక్కనుంచే నడిచి వెళ్తుంటే వారి గుండెలు ఎలా కొట్టుకుని ఉంటాయో! 1778 డిసెంబరులో మిల్ జైలు నుంచి ఒకేసారి వందమందికి పైగా బయటపడ్డారు గానీ, వారిలో చాలామంది మళ్లీ దొరికిపోయారు.

దొరికితే చీకటి కొట్టులో 40 రోజులు, అదీ సగం తిండితో. పైగా ఖైదీల మార్పిడి జాబితాలో వారి పేరు చిట్టచివరికి పోయేది. ఇవాళ్టి ప్రమాణంతో పోల్చి చూడండి. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం, పారిపోబోయి పట్టుబడిన యుద్ధ ఖైదీకి క్రమశిక్షణ చర్య తప్ప వేరే శిక్ష వేయకూడదు, ఆ చర్య కూడా 30 రోజులు మించకూడదు. పారిపోవాలనుకోవడం ఖైదీకి సహజమని, అది నేరం కాదని నేటి చట్టం గుర్తిస్తోంది. ఆనాటి అమెరికన్ విషయంలో మాత్రం జైల్లో ఉండటమే ద్రోహం కింద లెక్క. 1779 నవంబరులో యాభైమందికి పైగా సహచరులతో మిల్ జైలు నేలను తవ్వుకుని బయటపడ్డ అమెరికన్ కెప్టెన్ గుస్తావస్ కానింగమ్, రాజుగారి భూమి గుండా రాజద్రోహం చేశామన్న అర్థంలో తన డైరీలో రాసుకోవడం వెనుక ఉన్న మంట ఇదే.

మిల్ జైల్లో ఉన్న అమెరికన్ నౌకాదళ అధికారి జోషువా బార్నీ ఉదంతాన్ని వ్యాసకర్త చక్కగా చెప్పారు. కాలు బెణికిందని చెప్పి చంకకర్రల మీద తిరుగుతూ కాపలావాళ్లను నమ్మించి, 1781 మే నెలలో బ్రిటిష్ అధికారి దుస్తులు తొడుక్కుని పట్టపగలు బయటపడటం నిజంగా అద్భుతమే. కానీ గోడ దాటడం సగం పనే. ఒక్కో పరారీ ఖైదీని పట్టిస్తే 5 పౌండ్ల బహుమతి ఉండేది. ఆనాటి కూలివాడికి అది చిన్న మొత్తం కాదు కనుక, ఫోర్టన్ చుట్టుపక్కల దాని కోసమే కాచుకుని తిరిగేవారు ఉండేవారు. అలాంటిచోట పోర్ట్స్‌మత్‌లోని ప్రెస్బిటీరియన్ మతగురువు థామస్ రెన్ తన ఇంటి తలుపు తెరిచి, వచ్చినవారిని దాచి, మారుబట్టలూ డబ్బూ ఇచ్చి లండన్ దారి పట్టించాడు. తన సొంత ప్రభుత్వం ద్రోహులని ముద్ర వేసినవారికి ఆయన అన్నం పెట్టాడు. యుద్ధం ముగిశాక అమెరికన్ కాంగ్రెస్ ఆయనకు కృతజ్ఞతలు తెలిపింది, న్యూజెర్సీ కళాశాల గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మీ వ్యాసంలో ఆయన పేరు ఒక్కసారైనా రాకపోవడం నన్ను బాధించింది.

పారిస్‌లో అమెరికా ప్రతినిధిగా ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఖైదీల కోసం పంపిన సొమ్మును, దాన్ని వారికి అందించాల్సిన థామస్ డిగ్గెస్ లండన్‌లో కాజేసిన సంగతి కూడా ఈ కథలో భాగమే. ఇలాంటివాడు నరకానికి పోకపోతే ఇక దయ్యాన్ని ఉంచుకోవడం దండగని ఫ్రాంక్లిన్ మండిపడ్డాడు. ఆకలితో ఉన్నవారి నోటి దగ్గర ముద్ద లాక్కున్నవాడి మీద ఆ కోపం న్యాయమైనదే.

ఫ్రాంక్లిన్ పట్టువదలని కృషి వల్ల 1779 మార్చిలో 97 మంది మార్పిడి కింద మిల్ జైలు నుంచి ఫ్రాన్స్ చేరారు. కానీ అమెరికన్లను యుద్ధ ఖైదీలుగా చూసి మార్పిడి చేసుకోవడానికి చట్టం అనుమతించింది 1782లోనే. అప్పటికి యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం లొంగిపోయి నెలలు గడిచాయి. మీరు వర్ణించిన సొరంగాలు, మారువేషాలు, గోడ దూకుళ్లు అన్నీ అంతకు ముందువే. కాబట్టి ఈ శీర్షిక తదుపరి భాగంలో ఈ సవరణను, దానితో పాటు థామస్ రెన్ గురించి నాలుగు మాటలను ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు