పెన్ను చేరిందా?

చిన్నా,

పెన్ను చేరిందా? కొరియర్ వాడు డెలివర్డ్ అని మెసేజ్ పెట్టి పదకొండు రోజులైంది, నువ్వేమో ఆ బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకున్నావు. అది పెన్నుకా, ఒంట్లో ఎలా ఉందిరా అని నేనడిగినదానికా అని మీ నాన్నకి చూపిస్తే "రెండింటికీ అయ్యుంటుందిలే" అన్నారు. ఆయనంతే. సరే, నేనేమీ ఆరా తీయడానికి రాయట్లేదు, కొత్త పెన్ను చేతిలో ఉంటే ఏదో ఒకటి గీకాలనిపిస్తుంది కదా, అందుకని కాగితం తీశా.

రెండూ ఒకేలాంటివి కొన్నాలే, ప్లాటినమ్ ప్రెపీ అని ఇంకు పెన్ను, జపాన్ వాళ్లది. నీకు 03, నాకు 05. నంబరు పెరిగేకొద్దీ గీత లావు, నీవి చీమ తలకాయంత అక్షరాలు కాబట్టి నీకు సన్నది. ప్లాస్టిక్ ఒళ్లు, స్టీలు పాళీ, చవకది అని మొహం చిట్లించకు. మీ పెద్దనాన్నకి రిటైర్మెంట్ రోజు ఇచ్చిన పెన్ను ఏమైంది? పెట్టెతో సహా బీరువాలోకి పోయింది, సంతకం పెట్టాల్సొస్తే ఇప్పటికీ పక్కవాళ్ల బాల్ పెన్నే అడుగుతారు. దీనికి ఆ బాధ లేదు. ఇంటి ఖర్చులు దీంతోనే, మందుల చీటీ దీంతోనే, ఫోన్‌లో ఎవరైనా నంబరు చెప్తే రాసుకునేదీ దీంతోనే. పోతే పోయిందనుకునే వస్తువునే మనం బాగా వాడతాం.

మొన్న మీ చిన్నత్త ఫోన్ చేసి మాటల్లో మాటగా "వాడు ఆఫీసు మానేశాడటగా వదినా" అంది. చిన్నత్త సంగతి తెలిసిందేగా, ఆవిడ లెక్కన బుజ్జికి ఈపాటికి మూడుసార్లు ట్రాన్స్‌ఫర్ అయింది. నేను పట్టించుకోలేదు. పెన్ను చొక్కా జేబులో పెట్టుకునేటప్పుడు పాళీ పైకి ఉండేలా పెట్టుకో, అది చెప్పడం మర్చిపోయా.

ఇంకోటి, నొక్కి రాయకు. బాల్ పెన్నులో ఇంకు జిగురుగా ఉంటుంది, ఆ గోళీ దొర్లాలంటే నొక్కాలి, మనందరికీ అదే చేతికి పట్టేసింది. దీనికి దాని బరువే చాలు, కాస్త వాల్చి పట్టుకుని కాగితానికి ఆనిస్తే అదే పారుతుంది. పాళీ మధ్యలో సన్నటి చీలిక ఉంటుంది చూడు, గుడ్డ పీలిక కొస నీళ్లలో ముంచితే తడి పైకి పాకినట్టు ఇంకు అందులోంచి పాకుతుంది. కింద నల్లగా ఉండేది నాలిక. వాటర్‌మన్ అని ఒక ఇన్సూరెన్స్ ఆయన 1884లో పేటెంట్ తీసుకున్నది ఆ నాలికలో సందులకే. చుక్క ఇంకు బయటికి రావాలంటే బుడగంత గాలి లోపలికి పోవాలి, గాలి చొరనీయకుండా బిగించుకుని కూర్చుంటే లోపల ఎంత ఉన్నా ఒక్క అక్షరం రాదు. నేను పెన్ను గురించే చెప్తున్నా.

నీకు గుర్తుందో లేదో, నువ్వు నాలుగో క్లాసులో ఉండగా నా ఆకుపచ్చ పెన్ను ఉండేది కదా, తాతయ్య ఇచ్చింది, దాన్ని ముట్టుకోవద్దని నీకూ బుజ్జికీ వందసార్లు చెప్పా. ఒకరోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి నువ్వు అప్పటికే పడుకున్నావు. ఆరున్నరకి! ఒళ్లు పట్టుకు చూస్తే జ్వరం లేదు. మర్నాడు మాట లేదు, ఆ మర్నాడూ లేదు, అడిగితే "ఏం లేదమ్మా" అంటావు, తల ఎత్తవు. బుజ్జిని అడిగితే అది నీకంటే ముందే ఏడుపు మొహం పెట్టింది కానీ నోరు విప్పలేదు. నాకు మొదటి రోజు రాత్రే తెలిసిపోయింది, నీ తలగడ గలీబు మీద నీలం మరక. పాళీని జుట్టుకి తుడిచావు కదూ, మేమూ చిన్నప్పుడు అలాగే తుడిచేవాళ్లం. పెన్ను తీసి చూస్తే పాళీ ముక్కు మీద పడ్డట్టుంది, రెండు కొనలూ కత్తెర వేసినట్టు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి, దాన్ని అలాగే తుడిచి మూత పెట్టి యథాస్థానంలో పెట్టేశావు. నేనూ ఏమీ అనలేదు, వాడే చెప్తాడులే అని పంతం. ఆరు రోజులురా! ఆరో రోజు రాత్రి నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి వెనక నిలబడి "అమ్మా, పాళీలు అమ్ముతారా" అన్నావు. అంతే, ఇంకేం చెప్పలేదు. ఇద్దరం తాతయ్య భూతద్దం తెచ్చుకుని లైటు కింద కూర్చున్నాం, నేను కింద నుంచి గోరుతో ఒక కొనని కొంచెం కొంచెంగా లేపడం, నువ్వు అద్దంలోంచి చూసి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ ఆగు" అనడం. పన్నెండయింది. ఇప్పటికీ అది 'క్ష' రాసేటప్పుడు పైకి తీసే గీత దగ్గర బరుకుతుంది. బరికినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఏమీ లేదు, పెన్ను మాటొచ్చింది కాబట్టి.

వారం పది రోజులు రాయకుండా వదిలేస్తే మామూలు ఇంకు పెన్నులు ఆరిపోతాయి. దీని మూతలో ఇంకో చిన్న మూత ఉంటుంది, ఏడాది వదిలేసినా ఆరదని కంపెనీ వాళ్లు చెప్పుకుంటారు. అంటే ఏడాదైనా పెన్ను ఊరుకుంటుంది, నేను ఊరుకోను. డ్రాయింగుకి వాడే ఇండియన్ ఇంక్ మాత్రం చచ్చినా పొయ్యకు, అందులో లక్క ఉంటుంది, ఆరితే నాలిక పూడుకుపోతుంది. కడగాలంటే మామూలు చన్నీళ్లే, వేడినీళ్లు వద్దు, నీకు తొందరెక్కువ. కాగితం బాగోకపోతే ఇంకు వేళ్లు తన్నినట్టు పాకుతుంది, వెనక పేజీకి దిగుతుంది, అప్పుడు తిట్టాల్సింది కాగితాన్ని. రాత్రి ఒంటిగంటకి లైటు ఆర్పేసి ఫోన్ వెలుగులో రాయకు, కళ్లద్దాలు మార్చుకుని రెండేళ్లయింది నువ్వు.

మానేస్తే మానేశావులే. మానలేదనుకో, మరీ మంచిది. ఒకవేళ మానాలనుకుంటుంటే కోపంలో మెయిల్ కొట్టేయకు, ముందు చేత్తో రాసుకో, ఒక రాత్రి పక్కన పెట్టు, పొద్దున్న చదివితే సగం మాటలు నువ్వే కొట్టేస్తావు. చేతిలో ఎన్ని నెలలకి సరిపడా ఉందో లెక్క వేసుకో, తక్కువైతే చెప్పు. నాన్నకి చెప్పొద్దంటే చెప్పను. పోయినసారి చెప్పానంటావు, అది ఆయన నా మొహం చూసి కనిపెట్టారు, నేను చెప్పలేదు. మళ్లీ లెక్చర్ అయిపోయింది. ఇది రాయకూడదనే కూర్చున్నా.

అన్నట్టు దీని కార్ట్రిడ్జిలో, అదే లోపలి ఇంకు గొట్టంలో, చిన్న స్టీలు గోళీ ఉంటుంది, ఊపితే టిక్కుటిక్కుమంటుంది. నిండుగా ఉన్నప్పుడు మెత్తగా మోగుతుంది, ఇంకు అయిపోతుంటే గలగలమంటుంది. నాది ఇప్పుడే గలగలమంది, ఇంకో నాలుగు లైన్లు వస్తాయేమో. నీది ఊపి చూడు. ఇంకా మెత్తగానే మోగుతుంటే నువ్వు మూత తియ్యలేదన్నమాట. వేరే కంపెనీ కార్ట్రిడ్జిలు దీనికి నేరుగా పట్టవు, ఇంకో రెండు పంపుతా, కానీ అడ్రస్ పాతదేనా? చిన్నత్త రూమ్ కూడా మారావంటోంది.

అక్షరాలు ఎలా ఉన్నా పర్లేదు, ఒక కాగితం మీద ఏదో ఒకటి రాసి ఫోటో తీసి పంపు. ఆదివారం పదింటికి ఫోన్ చేస్తా, మీ నాన్న ఆ టైముకి మేడ మీద మొక్కల దగ్గర ఉంటారు. ఎత్తు.

అమ్మ