సురక్ష క్లినిక్‌లు సాయంత్రం కూడా తెరవండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు ఉచితంగా వైద్యం చేసే సురక్ష క్లినిక్‌ల గురించి ఈ లేఖ. అలాంటి క్లినిక్‌లో కౌన్సిలర్‌గా పనిచేసినదాన్ని. అడిగేది ఒక్కటే: విజయవాడ, గుంటూరు నగరాల్లో వాటిని సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా కూడా నడిపించండి.

పగటి ఓపీకి ఎవరు రాగలరో చూడండి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే కుర్రాడు పొద్దున్నే షెడ్డు వదిలి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీదీ అదే పరిస్థితి. వీళ్ళకు సెగ (గనేరియా) అంటితే, గజ్జల్లో బిళ్ళ కడితే ఎక్కడికి పోతారు? పని దిగేసరికి తెరిచి ఉండేవి మెడికల్ షాపు, వీధి చివర ఆర్‌ఎంపీ గది. అక్కడ ఇచ్చిన నాలుగు బిళ్ళలతో మంట తగ్గుతుంది, రోగం ఒంట్లోనే ఉండిపోతుంది. తర్వాత భార్యకు అంటుతుంది. గనేరియా, క్లమీడియా ఆడవాళ్ళలో చాలాసార్లు ఏ లక్షణమూ చూపవు. లోలోపల గర్భనాళాలు మూసుకుపోయాక, పిల్లలు పుట్టడం లేదని అత్తింట్లో మాటలు పడేది ఆ అమ్మాయే. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఎందుకంటే, వైద్యం ఇంత సులువు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద లక్షణాన్ని బట్టి రంగురంగుల కిట్లు ఉన్నాయి. మూత్రనాళం నుంచి చీము కారితే బూడిద రంగు కిట్: అందులో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ మాత్రలు ఉంటాయి. అక్కడే ఒక్కసారి మింగితే సరిపోతుంది. భార్యకూ అదే కిట్ ఇవ్వాలి, లేకపోతే జబ్బు మళ్ళీ తిరిగొస్తుంది. అందుకే ఇద్దరూ కలిసి రాగలిగే వేళ కావాలి. ఆ వేళ సాయంత్రమే.

సవాయి (సిఫిలిస్) సంగతి ఇంకా మోసం. దాని పుండు నొప్పి పుట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది. తగ్గిపోయిందనుకుని మనిషి మరిచిపోతాడు. రోగం మాత్రం పోదు. గర్భిణికి ఉంటే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు, లేదా జబ్బుతో పుట్టవచ్చు. ఆర్‌పీఆర్ రక్తపరీక్షతో పట్టుకుని, తొలి దశలోనే బెంజథైన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి ఇస్తే నయమవుతుంది. గర్భిణులకు నమ్మదగ్గ మందు పెన్సిలిన్ ఒక్కటే. అది వికటిస్తుందేమోనని ఇంజెక్షన్ వేయడానికి జంకే డాక్టర్లు ఉన్నారు, వాళ్ళ భయం ఉత్తినే పుట్టలేదు. కాబట్టి సాయంత్రం క్లినిక్‌ను ఎక్కడో అద్దె గదిలో కాకుండా, అడ్రినలిన్, ఆక్సిజన్ చేతికందే పెద్దాసుపత్రిలోనే పెట్టించండి. పెన్సిలిన్ నిల్వ నిండుకోకుండా చూసే బాధ్యత ఒక అధికారికి పేరు పెట్టి అప్పగించండి.

గోప్యత గురించి కూడా చెప్పాలి. ఓపీ చీటీ కిటికీ దగ్గర నలుగురి ముందు "ఏం జబ్బు?" అని గట్టిగా అడిగితే, వచ్చినవాడు వచ్చిన దారినే పోతాడు. తెల్లబట్టతో బాధపడే అమ్మాయయితే నోరే విప్పదు. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. సెగకూ, సవాయికీ వచ్చినవారికి అదే మర్యాద దక్కాలి. చీటీ రాయడం క్లినిక్ గదిలోనే జరిగితే చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.

ఒక మనవి. ఇప్పుడున్న సిబ్బంది చేతే రెండు పూటలా పని చేయించకండి. ఒక డాక్టరు, మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ చెరొక కౌన్సిలర్, ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ను సాయంత్రానికి విడిగా నియమించి, జీతాలు నెలనెలా అందేలా చూడండి. ముందు ఆరు నెలలు ఈ రెండు నగరాల్లో నడిపించండి. ఎంతమంది వచ్చారన్న లెక్కతో పాటు, ఎన్ని జంటలు వైద్యం పూర్తి చేసుకున్నాయో కూడా ప్రతి నెలా తెప్పించుకోండి.

ఇట్లు,
సురక్ష క్లినిక్ మాజీ కౌన్సిలర్,
విజయవాడ