మూడు మంగళవారాలు

గర్భసంచి క్యాన్సర్‌కు రేడియేషన్ పెట్టించుకున్న ఆ మూడు మంగళవారాలు నా వెంట ఉన్నవారికి ఈ నాలుగు మాటలు చెప్పుకోకపోతే నా మనసు కుదుటపడదు.

నాకు 64 ఏళ్లు. ముట్లుడిగిన పన్నెండేళ్లకు ఒకరోజు చీరకు ఎర్రటి మరక కనబడింది. చూపించుకుంటే ఒక వైద్యుడు బలహీనత అని టానిక్కు రాసి పంపారు. నేనూ ఊరుకునేదాన్నే. మా వీధి ఆశా కార్యకర్త ఊరుకోలేదు. "ముట్లు ఆగాక చుక్క కనబడినా పరీక్ష చేయించాల్సిందే పెద్దమ్మా" అని వెంటబడి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లింది. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అని తేలింది. నా మొదటి దండం ఆ అమ్మాయికే.

ఆపరేషన్‌లో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్ష రిపోర్టులో 1బి దశ, గ్రేడ్ 2 (క్యాన్సర్ కణాల తీరు మధ్యరకం) అని వచ్చింది. గడ్డ కండరంలోకి సగానికి మించి దిగింది, గ్రంథులకు మాత్రం పాకలేదు. గండం గడిచిందనుకుంటుంటే "కరెంటు పెట్టాలి" అన్నారు, అంటే రేడియేషన్. నా కాళ్లలో సత్తువ పోయింది. మా ఆడపడుచుకు పొట్టకు ఐదు వారాలు కరెంటు పెట్టినప్పుడు విరేచనాలతో ఆమె పడిన అవస్థ కళ్లారా చూసినదాన్ని.

రేడియేషన్ డాక్టరమ్మ నా భయం విని, ఓపీ చీటీ వెనక బొమ్మ గీశారు. "గర్భసంచి తీసి కుట్లు వేసిన చోటు ఇదమ్మా. జబ్బు మళ్లీ వస్తే ఎక్కువగా ఇక్కడే వస్తుంది. అందుకని లోపలి నుంచి ఇక్కడికే పెడదాం." నెదర్లాండ్స్‌లో 427 మంది స్త్రీల మీద ఇలా లోపలి నుంచి పెట్టడం, బయటి నుంచి పొట్టకు పెట్టడం, ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశారట, 2010లో ఫలితాలు అచ్చయ్యాయట. ఐదేళ్లలో ఆ చోట జబ్బు తిరగబెట్టింది రెండు పద్ధతుల్లోనూ నూటికి ఇద్దరికన్నా తక్కువ మందికే. లోపలి నుంచి పెట్టినవారికి పేగుల బాధ చాలా తక్కువ. అయితే రిపోర్టును బట్టి కొందరికి ఏ కరెంటూ అక్కర్లేదని, కొందరికి బయటి నుంచే పెట్టాలని, కీమో కూడా కావాల్సి రావచ్చని ఆవిడే చెప్పారు. పద్నాలుగు మంది బయట ఎదురుచూస్తుండగా నాకు అరగంట ఇచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ దేవుడి గూట్లో ఉంది.

వారానికొకటి, మూడుసార్లు. బొటనవేలికన్నా లావైన నున్నటి గొట్టం యోని లోపల పెడతారు. నొప్పి లేదు, సిగ్గుతోనే చచ్చిపోయాను. నర్సమ్మ దుప్పటి నడుము దాకా కప్పి, "చల్లగా తగులుతుందమ్మా, ఊపిరి వదలండి" అని ముందుగా చెప్పి మరీ చేసింది. అందరూ బయటికి వెళ్లి బరువైన తలుపు మూసుకున్నాక, మైకులో టెక్నీషియన్ బాబు గొంతు: "అమ్మా, ఇంకా నాలుగు నిమిషాలు... ఇంకా రెండు." ఆ గొంతు పట్టుకునే పడుకున్నాను.

ఆఖరి రోజు నర్సమ్మ, యోని దారి మూసుకుపోకుండా లోపల పెట్టుకునే నున్నటి కడ్డీలాంటి డైలేటర్ ఇచ్చి, వారానికి రెండు మూడుసార్లు వాడమంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు, నాకెందుకమ్మా అన్నాను. "ఆ దారి మూసుకుపోతే చెకప్‌లో డాక్టరు గారు ఎలా చూస్తారమ్మా? అది మీ ఒళ్లు, బాగుండాలి కదా" అంది. నా ఒళ్లు గురించి అంత మర్యాదగా నాతో ఎవరూ మాట్లాడలేదు.

మూడుసార్లూ తెల్లవారుజామున లేచి పెరుగన్నం కట్టుకుని నాతో బస్సెక్కిన పక్కింటి వదినగారికి, ఖర్చు భరించిన ఆరోగ్యశ్రీకి, కాగితాలు నింపిపెట్టిన ఆరోగ్యమిత్రకు నమస్కారాలు.

వచ్చే నెల చెకప్. నర్సమ్మకు సున్నుండలు ఇష్టమని కనుక్కున్నాను, మినుములు ఈ రోజే వేయించాను.