ఫోటోలో ఆ కట్టు

అమ్మడూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది, అడిగితే తగ్గిందంటుంది. బాల్కనీ తలుపు మళ్ళీ కిర్రుమంటోంది. విశేషాలేమీ లేవు, ఊరికే రాస్తున్నాను.

నిన్న చిన్నత్త వాళ్ళబ్బాయి ఫోన్లో నీ ఫోటో చూపించాడు. జలపాతం ముందు, నీళ్ళ మధ్య రాతి మీద నిలబడ్డావు. చోటు బాగుంది. రోడ్డు దిగి చెట్లలో పావుగంట నడిస్తే చాలటగా. ఫోటో పెద్దది చేసి చూస్తే నీ ఎడమ మణికట్టు దగ్గర తెల్లగా ఏదో కనబడింది. వాడు రుమాలే అన్నాడు. మీ అమ్మకి చూపించలేదు. నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది కాబట్టి అడుగుతున్నాను, అంతే.

అలాంటి చిన్న జలపాతానికే ఒకసారి నేనూ బాబాయీ వెళ్ళాం. పెళ్ళికి ముందు సంగతి. నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. నది మధ్యలో బల్లపరుపు రాయి ఉంటే చెప్పులు విడిచి దాని మీద వెల్లకిలా పడుకున్నాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను కునుకు తీస్తున్నాను. బాబాయి లేచి కూర్చుని, "అన్నయ్యా, ఇందాక ఇన్ని ఎండుటాకులు కొట్టుకొచ్చాయా?" అన్నాడు. పడుకోవోయ్ అన్నాను. రెండు నిమిషాల్లో నీళ్ళు ఎర్రబడ్డాయి, చప్పుడు మారింది. పైన కొండల్లో ఎక్కడో వాన పడింది, మాకేం తెలుసు? నా చెప్పు ఒకటి రాతి అంచున లేచి, గిర్రున తిరిగి, మెల్లగా వెళ్ళిపోయింది. దాన్ని పట్టుకుందామని వంగాను చూడు, వాడు చొక్కా పట్టి లాగాడు. ఒకరి భుజం ఒకరం పట్టుకుని ఒడ్డుకొచ్చేసరికి నీళ్ళు మోకాళ్ళు దాటాయి. వెనక్కి తిరిగి చూస్తే రాయి లేదు. ఈ సంగతి మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు. నువ్వూ చెప్పకు.

నీతులు చెప్పడానికి కాదులే. కానీ తడి రాయి మీద నాచు కంటికి కనబడదు. అడుగు వేసే ముందు పాదంతో అదిమి చూడు. జారితే చెయ్యే ముందు ఆనుతుంది, మణికట్లు విరిగేది అక్కడే. మడుగులోకి దూకకు, నాలుగడుగుల లోతు పైనుంచి మూడడుగుల్లాగే కనబడుతుంది. జలపాతం కిందికైతే అసలు వెళ్ళకు. ఆ నురగలో సగం గాలే, ఈతొచ్చినవాళ్ళు కూడా తేలలేరు. ఎవరైనా పడితే వెనకే దూకకుండా తాడో, పొడుగాటి కొమ్మో అందించాలి. లోయలో తొందరగా చీకటి పడుతుంది, అక్కడ ఫోన్ కూడా పలకదు. చూశావా, ఏమీ చెప్పనంటూనే ఎంత చెప్పానో! మీ అమ్మ పోలిక వచ్చేస్తోంది నాకు.

మళ్ళీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, వద్దనను. వాన తెరిపిచ్చాక రెండు రోజులాగి వెళ్ళు. ఒంటరిగా మాత్రం వద్దు.

ఉత్తరానికి తీరిక లేకపోతే ఒక్క ముక్క మెసేజ్ పెట్టు. రుమాలో, కట్టో.

నాన్న

ఇంకోటి, ఫోటోలో నీ కుడి బూటు లేసు ఊడి ఉంది.