నిండుగా తిరిగివస్తున్న నీళ్ల సీసాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఇళ్లలో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఒకటి ఈ నెల వార్తాలేఖలో రాస్తున్నాను. కడుపునొప్పి అంటూ విశ్రాంతి గదికి వచ్చే చిన్నపిల్లలను మా ఆయమ్మ నెమ్మదిగా అడిగితే, చాలామంది రెండు మూడు రోజులుగా మలవిసర్జనకు వెళ్లలేదని తేలింది. ఒక పాప సంచిలో, ఉదయం అమ్మ నింపిన సీసా మధ్యాహ్నానికి కూడా మూత తీయకుండా అలాగే ఉంది. ఎందుకు తాగలేదని అడిగితే, "తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి టీచర్, ఆ తలుపుకి గడియ పడదు" అంది.

ఆ గడియ తప్పు మాదే. ఇప్పుడు అన్ని తలుపులకూ కొత్త గడియలు వేయించాం.

మలబద్ధకం పిల్లల్లో అరుదు కాదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 10 మంది పిల్లల్లో ఒకరికి ఉంటుందని అంచనా. వారిలో 100కి 90 మందికి పైగా పేగుల్లో ఏ లోపమూ ఉండదు. పెద్దపేగు మలంలోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది కనుక, పిల్లవాడు ఆపుకున్న కొద్దీ అది గట్టిపడుతుంది. గట్టిపడ్డది నొప్పి పెడుతుంది. ఆ నొప్పికి జడిసి మర్నాడు మళ్లీ ఆపుకుంటాడు. ఇలా నెలలు గడిస్తే పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం, సాగిపోయి, వెళ్లాలన్న కబురే అందడం మానేస్తుంది. అప్పుడు గట్టి మలం పక్కనుంచి పలచనిది జారి లోదుస్తులకు అంటుతుంది. అది విరేచనాలూ కాదు, పెంకితనమూ కాదు. దయచేసి ఆ బిడ్డను తిట్టకండి.

మన నగరపు పిల్లల దినచర్య కూడా దీనికి తోడవుతోంది. పొట్టలో ఆహారం పడగానే పేగులు కదులుతాయి కనుక టిఫిన్ తరువాతి కొద్ది నిమిషాలే కూర్చోవడానికి అనువైన వేళ. సరిగ్గా ఆ వేళకే గాజువాక, మధురవాడ పిల్లలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటారు. ఒక పావుగంట ముందు లేపండి. కమోడ్ మీద కాళ్లు వేలాడుతుంటే కింద చిన్న పీట వేయండి. విశాఖ ఉక్కపోతలో చెమటగా పోయిన నీరు తిరిగి లోపలికి చేరాలి. గ్లాసుల కొద్దీ పాలతో కడుపు నింపుకుని అన్నం, కూర వదిలేసే పిల్లలకూ ఈ బాధ తప్పదు.

వయసుకు 5 కలిపితే రోజుకు కావలసిన పీచు గ్రాముల్లో వస్తుందన్నది పిల్లల విషయంలో వాడే ఒక తేలిక లెక్క. అంటే 8 ఏళ్లకు 13 గ్రాములు. బిస్కెట్ పొట్లంతో అది తీరదు. జామకాయ, తోటకూర పప్పు, మన అమ్మమ్మల చోడి (రాగి) అంబలి చాలావరకు తీరుస్తాయి. ఆముదం మాత్రం సొంతంగా పట్టించవద్దు. మలంలో రక్తం, వాంతులు, పొట్ట ఉబ్బడం, బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి. ఆయన ఇచ్చిన మందును నాలుగు రోజులకే ఆపేయకండి, ఎందుకంటే సాగిన పేగు మామూలు స్థితికి రావడానికి నెలలు పట్టవచ్చు.

సోమవారం నుంచి రెండో, ఐదో పీరియడ్ల చివర అందరూ నీళ్లు తాగుతారు. తరగతి మధ్యలో చెయ్యెత్తిన పిల్లలను "ఇప్పుడే కదా వెళ్లొచ్చావు" అనవద్దని ఉపాధ్యాయులకు చెప్పాను. మీ బిడ్డకు ఈ ఇబ్బంది ఉంటే చీటీ రాసి, మడిచి, డైరీలో పెట్టి పంపండి. తరగతి ఉపాధ్యాయురాలు తప్ప వేరెవరూ దానిని తెరవరు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు