ఇయర్‌ఫోన్లు ఎన్నేళ్లు వస్తాయి? మా కస్టమర్లకు ఉన్నది ఉన్నట్టుగా

అందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి మా షాపులో రెండు మార్పులు చేస్తున్నాం. వైరు ఇయర్‌ఫోన్లకు జాక్ (ఫోనులో గుచ్చే కొన) మార్చే పని మళ్లీ మొదలుపెడుతున్నాం. వైరు లేని బడ్స్ కొనేవారికి అవి ఎంతకాలం పనిచేస్తాయో డబ్బు తీసుకునే ముందే చెబుతాం. విన్నాక వద్దనుకుని వెళ్లిపోయినా మాకేమీ బాధ లేదు.

"అన్నా, ఇవి ఎన్నేళ్లు వస్తాయి?" అని అడగకుండా ఎవరూ కొనరు. అసలు సంగతేమిటంటే, లోపల మోగే చిన్న స్పీకర్ అంత తేలిగ్గా పోదు. పాడైపోయాయని మా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావరకు స్పీకర్ బాగానే ఉంటుంది. దెబ్బ తినేవి వైరు, స్పీకర్ ముందుండే జాలీ, రబ్బరు, బ్యాటరీ.

వైరు సంగతి ముందు చెబుతాను. దాని లోపల వెంట్రుకంత సన్నటి రాగి పోగులు ఉంటాయి. మెత్తటి వైరు గట్టి ప్లాస్టిక్‌లోకి దూరే చోట, అంటే జాక్ మొదట్లోనే ఎక్కువగా తెగుతాయి. ఫోను జేబులో పెట్టుకుని కూర్చున్నా, ఫోను చుట్టూ వైరును బిగించి చుట్టినా, జాక్‌ను కాకుండా వైరును పట్టుకుని లాగినా భారమంతా ఆ అంగుళం మీదే పడుతుంది. రాగి ఒకే చోట పదే పదే వంగితే పెళుసెక్కుతుంది. ఒక్కో పోగూ తెగుతూ పోయి, చివరికి ఒక చెవిలో శబ్దం ఆగిపోతుంది.

కొందరు వేరే ఫిర్యాదుతో వస్తారు. పాటలో వాద్యాలన్నీ వినిపిస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం మాయమైందంటారు. ఇది రెండు చెవులకూ ఉమ్మడిగా ఉండే తీగ తెగిన లక్షణం. గొంతును సాధారణంగా కుడి ఎడమలకు సమానంగా రికార్డు చేస్తారు. ఉమ్మడి తీగ తెగితే రెండు వైపుల మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది కాబట్టి, సమానంగా ఉన్న గొంతు రద్దైపోతుంది. జాక్ పూర్తిగా లోపలికి దిగకపోయినా ఇలాగే జరుగుతుంది. అందుకే మా దగ్గరికి వచ్చే ముందు ఫోను రంధ్రంలో జేబు నూలు, దుమ్ము పేరుకుందేమో చూడండి.

జాక్ మార్చాలంటే తెగిన చోటికి పైన వైరు కోసి, రాగి పోగుల మీద ఉన్న ఎనామిల్ పూతను కాల్చి తీసి, కొత్త జాక్‌కు సోల్డరింగ్ చేస్తాం. వైరు కాస్త పొట్టిదవుతుంది. ఖర్చు కొత్త ఇయర్‌ఫోన్ల ధరలో సగం దాటేలా ఉంటే మేమే వద్దని చెబుతాం. చెవి దగ్గర తెగితే మాత్రం తీసుకోం. అక్కడి డబ్బీ జిగురుతో అతికించి ఉంటుంది, విప్పితే మళ్లీ సరిగ్గా అతకదు. రోజూ గంటల తరబడి వాడేవారు వైరు విడిగా వచ్చే రకం తీసుకోవడం మంచిది. వైరు పోతే అదొక్కటే మార్చుకోవచ్చు, జాగ్రత్తగా వాడితే ఏళ్ల తరబడి వస్తాయి. అలాంటివీ, వాటికి సరిపోయే వైర్లూ ఇప్పుడు తెప్పిస్తున్నాం.

శబ్దం మెల్లమెల్లగా తగ్గుతూ వస్తే జాలీలో గులిమి చేరిందేమో చూడాలి. దయచేసి పిన్నుతో పొడవకండి. జాలీ చిరుగుతుంది, గులిమి లోపలికి పోతుంది. జాలీ నేల వైపు ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తటి బ్రష్‌తో మెల్లగా రుద్దండి. ఈ పని మా దగ్గర చేయించుకున్నా డబ్బు తీసుకోం. బేస్ (పాటలో దరువులాంటి లోతైన శబ్దం) తగ్గిందనిపిస్తే ముందు రబ్బరు టిప్స్ మార్చి చూడండి. రబ్బరు వదులై చెవికి గట్టిగా అంటకపోతే బేస్ బయటికి జారిపోతుంది. ఫోమ్ టిప్స్ అయితే కొన్ని నెలలకే పాడవుతాయి.

ఇక వైరు లేని బడ్స్. వీటి ఆయుష్షు బ్యాటరీ ఆయుష్షే. ఒక్కో బడ్‌లో ఉండేది సాధారణంగా 30 నుంచి 60 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ 300 నుంచి 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి దాదాపు ఐదో వంతు సామర్థ్యం పోగొట్టుకుంటుంది. రోజూ మూడు, నాలుగు గంటలు వాడేవారికి రెండు మూడేళ్లలో చార్జింగ్ బాగా తగ్గిపోతుంది. అంతకంటే ఎక్కువ వస్తాయని మేము మాట ఇవ్వం. బ్యాటరీ మార్చే పనీ తీసుకోం, ఎందుకంటే చాలావాటిని పగలగొట్టకుండా తెరవడం కుదరదు. ఇంత డబ్బు పెట్టి కొన్న వస్తువును రూపాయి బిళ్లంత బ్యాటరీ కోసం పారేయాల్సి రావడం నాకు నిజంగా అన్యాయంగా అనిపిస్తుంది. చేతిలో ఇమిడే పరికరాల బ్యాటరీలను వాడేవారే మార్చుకునేలా తయారుచేయాలని యూరోపియన్ యూనియన్ 2023లో, కొన్ని మినహాయింపులతో, చట్టం చేసింది. ఆ నియమం 2027 ఫిబ్రవరి నుంచి అమలవుతుంది. అలాంటి బడ్స్ ఇక్కడ దొరికిన రోజున మా షెల్ఫులో మొదటి వరుస వాటికే.

ఆ లోపు బడ్స్‌ను వేడికి దూరంగా ఉంచండి. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద, బండి సీటు కింద డిక్కీలో బడ్స్ పెట్టి చార్జ్ చేసే కేసును వదిలేయకండి. నెలల తరబడి పూర్తిగా ఖాళీగా ఉంచినా బ్యాటరీ చచ్చిపోతుంది, వాడకపోయినా అప్పుడప్పుడు చార్జింగ్ పెట్టండి. డబ్బా మీద ఐపీఎక్స్4 అని ఉంటే చిందిన నీళ్లను తట్టుకుంటుందని మాత్రమే అర్థం. ఆ పరీక్ష చేసేది కొత్త వస్తువు మీద, ఉప్పు లేని నీళ్లతో. జిమ్ నుంచి వచ్చాక చెమట తుడిచి, ఆరాకే కేసులో పెట్టండి. తుడవకపోతే చార్జింగ్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఒక బడ్ చార్జ్ కావడం లేదని తెచ్చినవాటిలో కొన్ని పిన్నులు శుభ్రం చేయగానే బాగయ్యాయి.

అందుకే బడ్స్ చూపించడానికి వచ్చేటప్పుడు రెండింటినీ, కేసునూ కలిపి తీసుకురండి. ఒక్కటే తెస్తే లోపం బడ్‌లో ఉందో కేసులో ఉందో తేల్చలేం. జాక్ పనికి ఇచ్చేవారు ఉదయం ఇస్తే సాయంత్రానికి తీసుకెళ్లవచ్చు.