ఫిర్యాదు చేసినవారి పేరు ఎందుకు బయటపడుతోంది?

సంపాదకులకు నమస్కారములు.

పురపాలక కౌన్సిలర్లపై వచ్చే ఫిర్యాదులను విచారించే తీరు గురించి ఈ లేఖ. మా పట్టణంలో కొళాయి కనెక్షన్ ఇప్పించడానికి కౌన్సిలర్ డబ్బు అడిగారని మా వీధిలోని ఒక వృద్ధురాలు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చారు. ఆధార్, ఫోన్ నంబర్లతో సహా ఆ అర్జీ కింది స్థాయిలోని మున్సిపల్ కార్యాలయానికి చేరిన మర్నాడే కౌన్సిలర్ మనుషులు ఆమె గుమ్మంలో నిలబడ్డారు. బుధవారం ఆమె అర్జీ వెనక్కి తీసుకున్నారు. "పరిష్కరించబడినది" అని ఫోన్‌కు సందేశం మాత్రం వచ్చింది.

ఆకాశరామన్న ఉత్తరాలన్నింటినీ నమ్మి విచారణ జరపమని నేను కోరడం లేదు. ఎన్నికల కక్షతో రాసేవారూ ఉంటారు, కౌన్సిలర్‌కూ ఆరోపణ ఏమిటో తెలుసుకుని జవాబు చెప్పుకునే హక్కు ఉంది. అయితే ఆరోపణ తెలియడం వేరు, అర్జీదారు ఇంటి నంబరు తెలియడం వేరు. పేరును విచారణాధికారి ఒక్కరే సీల్డు కవరులో ఉంచుకుని, సాక్ష్యం తప్పనిసరైన దశలోనే వెల్లడించవచ్చు. పాఠకుల లేఖల విషయంలో మీరు పాటించేదీ ఇంచుమించు ఇదే పద్ధతి.

అవినీతిని బయటపెట్టేవారిని కాపాడే విజిల్ బ్లోయర్స్ రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2014లోనే ఆమోదించినా అది అమలులోకి రాలేదు. అంతవరకు, కౌన్సిలర్లపై వచ్చే అర్జీలను అదే మున్సిపల్ కార్యాలయానికి పంపకుండా జిల్లా స్థాయి అధికారికి అప్పగించేలా కలెక్టర్ గారు ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు (పేరు ప్రచురించవద్దని మనవి),
నెల్లూరు జిల్లా